లెక్కలు క్లౌడ్‌లో ఉన్నా జవాబుదారీ కొట్టు యజమానిదే

తాళం చెవి ఎవరి చేతిలో ఉన్నదన్నదే అసలు ప్రశ్న

(మా వాణిజ్య ప్రతినిధి)

గుంటూరు: మిర్చి యార్డులోని కమీషన్ దుకాణాలలో, కోల్డ్ స్టోరేజి ఆఫీసులలో, నూనె మిల్లులలో చిట్టా, ఆవర్జాలు ఏనాడో కంప్యూటరులోకి ఎక్కాయి. ఇప్పుడవి కంప్యూటరు నుంచి ‘క్లౌడ్’ లోకి చేరుతున్నాయి. రైతుకిచ్చే పట్టీ, పార్టీల ఖాతాలు, ఇ-వే బిల్లులు, స్టోరేజి బాండ్ల జాబితా, బ్యాంకు తాకట్టు లెక్క కొట్టులోని ఇనుప బీరువాలో కాక ఎక్కడో దూరాన ఉన్న యంత్రాలలో ఉంటున్నాయి. ఏటా చందా కట్టి ఈ సేవను వాడుకుంటున్న వర్తకులలో పలువురు, లెక్కలు పెద్ద కంపెనీ వద్ద భద్రంగా ఉన్నాయి గనుక ఇక తమకు దిగులు లేదన్న అభిప్రాయంతో ఉన్నారు. ఈ అభిప్రాయం సగమే నిజం. మిగిలిన సగాన్ని పట్టించుకోనందువల్ల గట్టి సంస్థలు కూడా దెబ్బ తిన్నాయి. కాబట్టి ఈ వ్యవహారం ఏమిటో, ఇందులో ఎవరి బాధ్యత ఎంతవరకో వర్తకులు తెలుసుకోవడం అవసరం.

క్లౌడ్ అంటే ఏమి?

పేరు మేఘమైనా, ఇందులో ఆకాశంలో ఉండేది ఏమీ లేదు. వేలాది కంప్యూటర్లను ఒకచోట చేర్చి, వాటికి ఎడతెగని కరెంటు, చల్లదనం, కాపలా ఏర్పాటు చేసిన భవనాలనే డేటా సెంటర్లు అంటారు. వాటిలో కొంత చోటును, కొంత పనిని అద్దెకు ఇచ్చే వ్యాపారమే క్లౌడ్ వ్యాపారం. అమెజాన్, మైక్రోసాఫ్ట్, గూగుల్ కంపెనీలు ఇందులో ప్రధానమైనవి. అమెజాన్ కంపెనీ 2022 నవంబరులో హైదరాబాదు ప్రాంతంలో తన క్లౌడ్ కేంద్రాలను ప్రారంభించింది. కొట్టులో వాడే లెక్కల ప్రోగ్రాము అమ్మిన సంస్థ సాధారణంగా ఇటువంటి పెద్ద కంపెనీ వద్ద చోటు అద్దెకు తీసుకుని, దానిని మళ్ళీ మనకు చందాపై ఇస్తుంది. అంటే మన లెక్కలకూ మనకూ మధ్య రెండు సంస్థలు ఉన్నాయన్నమాట.

గుంటూరు వర్తకులకు దీనిని వివరించడం కష్టం కాదు. కోల్డ్ స్టోరేజిలో టిక్కీలు పెట్టిన వర్తకుడికి పద్ధతి తెలిసినదే. భవనం, గోడలు, చల్లదనం, రాత్రి కాపలా స్టోరేజి యజమాని చూసుకోవాలి. కాని బాండు ఎవరి పేర వ్రాయించాలి, దానిని ఎక్కడ దాచాలి, ఎవరు సంతకం పెడితే సరుకు బయటకు వదలాలి అన్నది సరుకుదారు తేల్చుకోవాలి. బాండును బల్లమీద వదిలేసి, ఎవరో వచ్చి సరుకు ఎత్తుకుపోతే, గోడలు గట్టిగా ఉన్నాయన్న మాట అక్కరకు రాదు.

క్లౌడ్‌లోనూ ఇదే పంపకం. యంత్రాలు, భవనం, కరెంటు క్లౌడ్ కంపెనీ వంతు. లోపలికి ఎవరెవరు రావచ్చు, వచ్చినవారు ఏమేమి చూడవచ్చు, ఏది మార్చవచ్చు, ఏది చెరపవచ్చు అన్నవి వాడుకునే సంస్థ వంతు. దీనినే ఆ రంగంలో ఉమ్మడి బాధ్యత అంటారు. ఇప్పటివరకు బయటపడిన పెద్ద నష్టాలలో పలు సందర్భాలలో గోడ కూలలేదు. తాళం చెవి చేతులు మారింది.

బ్యాంకుకు పడిన జరిమానా

అమెరికాలోని క్యాపిటల్ వన్ బ్యాంకు తన ఖాతాదారుల వివరాలను అమెజాన్ క్లౌడ్‌లో ఉంచుకున్నది. 2019 మార్చిలో బయటి వ్యక్తి ఒకరు అందులో చొరబడి, అమెరికాలో సుమారు 10 కోట్ల మంది, కెనడాలో సుమారు 60 లక్షల మంది వివరాలను తీసుకుపోవడం జరిగింది. బ్యాంకు తన ద్వారం వద్ద పెట్టుకున్న కాపలా ప్రోగ్రాము అమరికలో లోపం ఉన్నది. పైగా ఆ ప్రోగ్రాముకు లోపలి గదులన్నీ తెరిచి చదివే అధికారం ఇచ్చి ఉంచారు. కాపలావాడి చేతికి ఇనుప బీరువా తాళం కూడా ఇచ్చినట్లయింది. కాపలావాడిని మోసగించినవారికి బీరువా కూడా చిక్కింది.

ఈ సంగతిని బ్యాంకు తనంతట తాను కనిపెట్టలేదు. జూలై 17న బయటి నుంచి వచ్చిన ఒక ఈమెయిలు ద్వారా తెలిసింది. అప్పటికి దాదాపు నాలుగు నెలలు గడిచాయి. 2020 ఆగస్టులో అమెరికా బ్యాంకింగ్ పర్యవేక్షణ కార్యాలయం 8 కోట్ల డాలర్ల జరిమానా విధించింది. ఆ జరిమానా పడినది క్లౌడ్ కంపెనీమీద కాదు, బ్యాంకుమీద. లెక్కలను క్లౌడ్‌కు తరలించే ముందు అందులోని ముప్పును తగిన విధంగా అంచనా వేసుకోలేదన్నది అభియోగం. తరువాత ఖాతాదారులతో పరిష్కారానికి మరో 19 కోట్ల డాలర్లు చెల్లించేందుకు బ్యాంకు ఒప్పుకోవలసి వచ్చింది.

2024లో జరిగినది ఇంకా సాదా వ్యవహారం. స్నోఫ్లేక్ అనే క్లౌడ్ కంపెనీ ఖాతాదారులలో సుమారు 165 సంస్థలకు, మీ సమాచారం బయటికి పోయి ఉండవచ్చునన్న హెచ్చరికలు వెళ్ళాయి. దర్యాప్తు జరిపిన మాండియంట్ సంస్థ, స్నోఫ్లేక్ యంత్రాలను ఎవరూ బద్దలు కొట్టలేదని తేల్చింది. ఉద్యోగుల కంప్యూటర్లలో చేరిన దొంగ ప్రోగ్రాములు పాస్‌వర్డులను ఎత్తుకుపోయాయి. వాటితో దొంగలు మామూలు ఉద్యోగుల వలెనే తలుపు తీసుకుని లోపలికి వెళ్ళారు. కొన్ని పాస్‌వర్డులు 2020లో చోరీకి గురైనవి కాగా, 2024 వరకు వాటిని మార్చినవారు లేరు. ఆ ఖాతాలకు పాస్‌వర్డుకు తోడుగా ఫోనుకు సంకేతం వచ్చే రెండో తాళం కూడా లేదు. రెండో తాళానికి పెద్ద ఖర్చు లేదు. ఆ చిన్న జాగ్రత్త లోపించినందుకు పెద్ద పెద్ద సంస్థల సమాచారం అంగడికెక్కింది.

ప్రతులు ఒకేచోట ఉంటే

లెక్కలు చోరీ కావడం ఒక ఎత్తు, మొత్తానికే లేకుండా పోవడం మరొక ఎత్తు. 2014 జూన్‌లో కోడ్ స్పేసెస్ అనే కంపెనీకి ఈ రెండవ గతి పట్టింది. ఇతరుల కంప్యూటర్ ప్రోగ్రాములను భద్రపరచి ఇవ్వడమే ఆ కంపెనీ వ్యాపారం. దాని క్లౌడ్ ఖాతా తాళం ఒక దుండగుని చేతికి చిక్కింది. సొమ్ము ఇమ్మని అతడు బెదిరించాడు. కంపెనీవారు పాస్‌వర్డులు మార్చడానికి పూనుకోగా, అతడు ముందే తయారు చేసి పెట్టుకున్న మారు ఖాతాలతో లోపలికి వచ్చి ఒక్కొక్కటే చెరిపివేశాడు. అసలు లెక్కలతో పాటు నకలు ప్రతులలో కూడా చాలా భాగం పోయాయి. ఎందుకంటే ఆ ప్రతులకు కూడా అదే తాళం. సుమారు 12 గంటలలో వ్యవహారం ముగిసింది. కంపెనీ వ్యాపారం మూసివేసింది.

దీనికి భిన్నమైన ఉదాహరణ ఆస్ట్రేలియాలోని యూనిసూపర్ పింఛను నిధి. 6 లక్షలకు పైగా సభ్యులున్న ఈ నిధి గూగుల్ క్లౌడ్‌లో పనిచేస్తున్నది. 2024 మే నెలలో దాని వ్యవస్థ ఉన్నట్టుండి తుడిచిపెట్టుకుపోయింది. ఇందులో దొంగలు లేరు. అంతకు ముందు ఏర్పాటు చేసే సమయంలో గూగుల్ సిబ్బంది ఒక గడి పూరించకుండా వదిలివేశారు. దానితో ఆ ఏర్పాటుకు ఏడాది గడువు అని యంత్రం తనంతట తానే నిర్ణయించుకుని, గడువు తీరగానే చెరిపివేసింది. సభ్యులు సుమారు వారం రోజులపాటు తమ ఖాతాలు చూసుకోలేకపోయారు. అయితే యూనిసూపర్ విడిగా ప్రతులు దాచుకున్నది. వేరొక కంపెనీ వద్ద కూడా ప్రతులు ఉంచుకున్నది. అందువల్ల నిధి నిలదొక్కుకున్నది. తప్పు క్లౌడ్ కంపెనీదే అయినా, కాపాడినది ఖాతాదారు ముందుచూపు.

ప్రభుత్వాలకు కూడా ఈ విషయంలో మినహాయింపు లేదు. దక్షిణ కొరియాలో దేజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా సెంటరులో 2025 సెప్టెంబరు 26న బ్యాటరీల నుంచి మంటలు లేచి 600కు పైగా ప్రభుత్వ సేవలు ఆగిపోయాయి. ఉద్యోగులు తమ దస్త్రాలు దాచుకునే ఒక భాండారానికి వేరేచోట నకలు లేనందున అది తిరిగి రాలేదు. స్టోరేజిలో నిప్పంటుకుంటే ఏమవుతుందో గుంటూరు వర్తకులకు ఒకరు చెప్పనక్కరలేదు. సరుకును పలు స్టోరేజిలలో పంచి పెట్టే జాగ్రత్తనే లెక్కల విషయంలోనూ పాటించాలి.

కొట్టులో ఎవరికెంత?

ఇక స్థానిక వ్యవహారానికి వద్దాం. ఒక కమీషన్ దుకాణం ఉన్నదనుకుందాం. యజమాని, కాటా దగ్గర ఒక గుమాస్తా, పద్దులు వ్రాసే మరొక గుమాస్తా, నెలకొకసారి వచ్చే జీఎస్టీ ప్రాక్టీషనరు, ఏడాదికొకసారి ఆడిటరు, ప్రోగ్రాము పాడైనప్పుడు దూరం నుంచి సరిచేసే సాఫ్ట్‌వేరు మనిషి, మొత్తం ఆరుగురు. ఆరుగురూ వాడేది ఒకే పేరు, ఒకే పాస్‌వర్డు. అది కాగితం ముక్కపై వ్రాసి కంప్యూటరుకు అంటించి ఉంటుంది. ఒక రైతు ఖాతాలో జమ తగ్గించి వ్రాశారని తగాదా వచ్చిందనుకోండి. ఆ పద్దు ఎవరు దిద్దారన్నది ఎవరూ చెప్పలేరు. యంత్రం ‘యజమాని దిద్దారు’ అనే చూపిస్తుంది.

సరైన పద్ధతి ఏమంటే, మనిషికొక పేరు, పేరుకొక పాస్‌వర్డు, పనికి సరిపడా అధికారం. కాటా గుమాస్తాకు తూకం నమోదు చేసే వీలు చాలు, పార్టీల బాకీలు చూడనవసరం లేదు. పద్దుల గుమాస్తా వ్రాయవచ్చు గాని చెరపకూడదు. ప్రాక్టీషనరుకు, ఆడిటరుకు చూసే వీలు ఇస్తే సరిపోతుంది. సాఫ్ట్‌వేరు మనిషికి పని ఉన్న రోజున తెరిచి, పని కాగానే మూసివేయాలి. మనిషి మానివేసిన రోజే అతడి పేరు తొలగించాలి. పాత గుమాస్తా పక్క వీధిలో మరొక దుకాణంలో చేరిన తరువాత కూడా మన పార్టీల ధరలు, బాకీలు తన ఫోనులో చూసుకోగలిగితే, దానిని క్లౌడ్ లోపం అనలేము. పూర్వం గుమాస్తా మానినప్పుడు గల్లా తాళం అడిగి తీసుకునేవారు. ఇదీ అటువంటిదే.

అన్నిటికన్నా ముఖ్యమైనది మూల ఖాతా. దీని చేతిలో మిగతా తాళాలన్నీ ఉంటాయి. సాఫ్ట్‌వేరు అమ్మినవారు మొదటి రోజున తమ ఫోను నెంబరు, తమ ఈమెయిలు ఇచ్చి ఈ ఖాతా తెరచి, అలాగే వదిలివేయడం కద్దు. అప్పుడు సంకేతాలన్నీ వారి ఫోనుకే వెళతాయి. చట్టరీత్యా లెక్కలు మనవైనా, తలుపు తెరిచే అధికారం మాత్రం వారి చేతిలో ఉంటుంది. రేపు వారితో మాట పడినా, వారు దుకాణం ఎత్తివేసినా చిక్కే. మూల ఖాతా యజమాని పేరనే, యజమాని ఫోనుమీదనే ఉండాలి. దానిని రోజువారీ పనికి వాడకుండా పక్కన పెట్టాలి.

చట్టం ఏమంటున్నది?

పాతకాలం ఆవర్జాలో తప్పు పడితే గీకివేసే ఆచారం లేదు. అడ్డుగీత గీసి, సంతకం పెట్టి, పక్కన సరైన అంకె వ్రాసేవారు. జీఎస్టీ నియమాలలోని 56వ నియమం ఈ ఆచారాన్నే కంప్యూటరుకు వర్తింపజేసింది. పద్దులను చెరపరాదు, ఒకదానిపై మరొకటి వ్రాయరాదు, కంప్యూటరులో ఉంచే లెక్కలకు దిద్దిన, తొలగించిన ప్రతి పద్దుకూ జాడ నిలిచి ఉండాలి. 57వ నియమం ప్రకారం ప్రమాదవశాత్తు లెక్కలు నాశనమైనా, తగిన వ్యవధిలో తిరిగి తెచ్చుకునేలా నకలు ప్రతి ఉండాలి. అధికారులు అడిగినప్పుడు ఫైళ్ళ వివరాలు, వాటి పాస్‌వర్డులు అందజేయాలి. చట్టంలోని 36వ సెక్షను మేరకు ఈ లెక్కలను వార్షిక రిటర్ను దాఖలు గడువు తేదీ నుంచి 72 నెలలు నిలిపి ఉంచాలి. చందా మానివేసిన తరువాత మన లెక్కలు ఎన్నాళ్ళు ఉంచుతారో సాఫ్ట్‌వేరు సంస్థను ముందే అడగవలసినది అందుకే. వారు మూడు నెలలకు తుడిచివేస్తే, 72 నెలల బాధ్యత మాత్రం మనమీదనే నిలుస్తుంది.

కంపెనీలుగా నమోదైన సంస్థలకు మరికొంత భారం ఉన్నది. దిద్దుబాట్ల జాడను నమోదు చేసే సాఫ్ట్‌వేరునే అవి వాడాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆ సౌకర్యాన్ని మధ్యలో ఆపివేయరాదు. లెక్కల నకలును భారతదేశంలో ఉన్న సర్వరులో రోజువారీగా ఉంచాలి.

పసుపు, జీలకర్ర, ధనియాల ఫ్యూచర్స్‌లో వ్యవహరించే బ్రోకర్లు సెబీ అజమాయిషీ క్రిందకు వస్తారు. సరుకుల వాయిదా వ్యాపారం 2015 సెప్టెంబరులో సెబీ చేతికి వచ్చిన సంగతి తెలిసినదే. క్లౌడ్ వాడకం గురించి సెబీ 2023 మార్చి 6న విధివిధానాలు ప్రకటించింది. వాటి ప్రకారం, సమాచారం ఈ దేశంలో ఉండాలి. కేంద్ర ఐటీ మంత్రిత్వ శాఖ జాబితాలో చేరి, తనిఖీ పూర్తయిన క్లౌడ్ కంపెనీలనే ఎంచుకోవాలి. సమాచారంపై, దానిని మరుగుపరిచే సంకేత తాళాలపై, రాకపోకల నమోదుపై యాజమాన్యం బ్రోకరుదే. పని ఇతరులకు అప్పగించినా జవాబుదారీ మాత్రం పూర్తిగా బ్రోకరు సంస్థదేనని సెబీ నిర్ద్వంద్వంగా పేర్కొన్నది.

చొరబాటు జరిగినట్లు తెలిసిన 6 గంటలలోగా ‘సెర్ట్-ఇన్’ అనే కేంద్ర సంస్థకు తెలియజేయాలని, రాకపోకల నమోదును 180 రోజులపాటు నిలిపి ఉంచాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాలు చెబుతున్నాయి. పరువు పోతుందని నాలుగు రోజులు దాచిపెట్టే పద్ధతి ఇక చెల్లదు.

ఇవి గాక 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉన్నది. దీని నియమావళి 2025 నవంబరులో వెలువడింది. ఇందులోని బాధ్యతలు దశలవారీగా అమలులోకి వచ్చేట్లు ఏర్పాటు చేశారు. రైతుల ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోను నెంబర్లు ప్రతి దుకాణంలోనూ ఉంటాయి. వాటిని కాపాడడానికి తగిన జాగ్రత్తలు తీసుకోనివారికి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించే అధికారం ఈ చట్టంలో ఉన్నది. మన తరఫున వేరొకరు ఆ వివరాలను నిర్వహిస్తున్నా, బాధ్యత మనదేనని చట్టం అంటున్నది.

వర్తకులు అడగవలసినవి

చందా కట్టే ముందు, లేదా తిరిగి పొడిగించే ముందు సాఫ్ట్‌వేరు సంస్థను ఈ ప్రశ్నలు అడిగి, జవాబులు కాగితంపై తీసుకోవడం మంచిది. మన లెక్కలు ఏ కంపెనీ యంత్రాలలో, ఏ ఊరిలో ఉన్నాయి? నకలు ప్రతి ఎక్కడ ఉన్నది, దాని తాళం వేరా, ఒకటేనా? మీ సిబ్బందిలో ఎవరెవరు మా పద్దులు చూడగలరు? ఎవరు చూశారో మాకు తెలిసే వీలున్నదా? మేము మానుకుంటే మా లెక్కలను మరొక ప్రోగ్రాములో చదవగలిగే రూపంలో ఇస్తారా, ఎన్ని రోజులలో ఇస్తారు?

కొట్టులో చేయవలసిన పనులు కూడా పెద్ద ఖర్చుతో కూడినవి కావు. మూల ఖాతా ఎవరి ఫోనుమీద ఉన్నదో చూసుకోవాలి. మనిషికొక పేరు పెట్టాలి. మానినవారి పేర్లు తీసివేయాలి. రెండో తాళం పెట్టాలి. వారానికొకసారైనా లెక్కల ప్రతిని విడి డిస్కులోకి తీసి, దానిని కంప్యూటరు నుంచి ఊడదీసి బీరువాలో పెట్టాలి. ఆ ప్రతి తెరుచుకుంటున్నదో లేదో అప్పుడప్పుడు తెరచి చూడాలి. తెరచి చూడని ప్రతి, తూచి చూడని బస్తా వంటిది. అందులో ఏమున్నదో అవసరం వచ్చిన రోజున గాని తెలియదు.

ఏటా వేసవిలో యార్డుకు సెలవులిచ్చే రోజులు ఈ పనికి అనువైనవి. సరుకు రాకడ ఉండదు, గుమాస్తాలకు తీరిక ఉంటుంది. ఒక పూట కూర్చుంటే ఈ జాబితా పూర్తవుతుంది. మార్కెట్ నడిచే రోజున తలుపు తెరుచుకోకపోతే ఆ పూట బేరాలు ఆగుతాయి, రైతుకు ఇవ్వవలసిన సొమ్ము ఆగుతుంది, బ్యాంకుకు చూపవలసిన నిల్వ లెక్క ఆగుతుంది. ఆ రోజున రైతు వచ్చి నిలబడేది మన కొట్టు ముందే గాని క్లౌడ్ కంపెనీ గుమ్మం ముందు కాదు.